అంకెల తాళము



నేఁటి ప్రసంగమునకు విషయము గణితము. అయినను భయపడవలసిన పని లేదు. ఎక్కములు వచ్చినవారికి, భాగహారములో శేషమనఁగా నేమో తెలిసినవారికి ఇందులో అందనిది ఏదియు లేదు. మన సెల్‌ఫోనునందును, బ్యాంకునందును, మీసేవ కేంద్రమునందును మన సొమ్మును, మన పేరును కాచుచున్నది ఇనుపపెట్టె కాదు, కావలివాఁడును కాదు; అంకెలు. ఆ యంకెలు ఎట్లు కాచును, ఎంతవఱకు కాచును, ఎచ్చట కాపాడఁజాలవు అను మూఁడు సంగతులను మనవి చేసెదను. మూఁడవది మిక్కిలి ముఖ్యము. ఏలయన, సామాన్య గృహస్థులలో అంకెల తాళము బ్రద్దలై నష్టపోయినవారు అరుదు. తాళపుచెవిని తామే అందించి నష్టపోయినవారు మెండు.

చర్లనుండి ఒక తండ్రి ఖమ్మములో చదువుకొను కుమారునికి ఫోనుద్వారా ఐదువందల రూపాయలు పంపెననుకొందము. ఆ యాజ్ఞ గాలిలో పోవును, తీఁగెలలో పోవును, ఎన్నియో ఊళ్ళ యంత్రముల చేతులు మాఱును. దారిలో దానిని వినఁగోరువాఁడు ఉండవచ్చును. ఐదువందలను ఐదువేలుగా దిద్దఁగోరువాఁడు ఉండవచ్చును. ఆ తండ్రిని నేనే యని నటించువాఁడు ఉండవచ్చును. కాఁబట్టి మూఁడు కావలెను: మాట గుప్తముగా నుండవలెను; మార్పు లేక చేరవలెను; పంపినవాఁడు ఎవఁడో నిర్ధారణ కావలెను. పూర్వము ఈ మూఁడును లక్కముద్రచేతను, నమ్మకమైన వార్తాహరునిచేతను నెఱవేఱుచుండెను.

మన ప్రాంతమువారికి ముద్ర విలువను వేఱుగా చెప్పనక్కఱలేదు. నేలకొండపల్లివాఁడైన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తాసీల్దారై, సర్కారు సొమ్ముతో భద్రాద్రి రామునికి ఆలయము కట్టించి, గోలకొండ చెఱసాలలో నుండఁగా, రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ యను పేర్లతో తానాషాకడకు వచ్చి, ఆఱులక్షలు చెల్లించి, రసీదు పుచ్చుకొని, దానిని గోపన్న తలక్రింద నుంచిరని ఐతిహ్యము. ఇందలి భక్తి సంగతి మీరెఱిఁగినదే. లెక్కలు చెప్పువాని కంటికి ఇంకొక సంగతి కనఁబడును. సాక్షాత్తు దేవుఁడే సొమ్ము చెల్లించినను రసీదు లేకుండ పని జరుగలేదు. ఆ కాగితముపైని ముద్రను ఎవఁడు చూచినను గుఱుతుపట్టును. దానిని వేయఁగలవాఁడు మాత్రము ఒక్కఁడే. అందఱు గుఱుతింపఁగలుగుట, ఒక్కఁడే వేయఁగలుగుట: ముద్రకు ప్రాణము ఈ రెండు లక్షణములే. అయితే లోహపు ముద్రను నేర్పరియైన పనివాఁడు చూచి పోఁతపోయఁగలఁడు. నకలు చేయుటకు వీలుగాని ముద్ర యొకటి కలదా యని ఇరువదవ శతాబ్దిలో గణితజ్ఞులు వెదకిరి. అది శేషములను గూర్చిన గణితములో దొరకెను.

శేషము యొక్క మహిమ యేమి? తునికాకు కల్లములో కట్టకు 50 ఆకులు. ఒకరు కోసి తెచ్చినవి 1,237 ఆకులైనచో 24 కట్టలు పోఁగా 37 ఆకులు చేత మిగులును. చేతిలోని 37 ఆకులను మాత్రమే చూచినవానికి మొత్తమెంతయో తెలియునా? 87 కావచ్చును, 137 కావచ్చును, 1,237 కావచ్చును. మన సంవత్సరముల పేర్లును ఇట్టివే. ఒకఁడు విళంబిలో పుట్టితిననినచో 1958లోనా, 2018లోనా యని అతని ముఖము చూచి నిర్ణయింతుము గాని, పేరునుబట్టి నిర్ణయింపలేము. అఱువదింటి చుట్లు ఎన్ని తిరిగినవో ఆ పేరు చెప్పదు. మొత్తమునుండి శేషమునకు దిగుట సులభము. శేషమునుండి మొత్తమునకు ఎక్కుట దుర్ఘటము. దిగుటకే గాని ఎక్కుటకు పనికిరాని ఈ మెట్లే అంకెల తాళమునకు పునాది.

ఇఁక తాళము బలమును ఎట్లు కొలుతురో చూతము. నాలుగంకెల పిన్ సంఖ్యకు పదివేల చెవులు గలవు. ఆఱంకెల సంఖ్యకు పదిలక్షలు. యంత్రములు మనవలె పదులతో లెక్కింపవు. రెండు స్థితులు మాత్రమే గల గుఱుతులతో లెక్కించును. ఒక్కొక్క గుఱుతును బిట్టు అందురు. ఒక బిట్టు చేరినప్పుడెల్ల చెవుల సంఖ్య రెట్టింపగును. ఈ రెట్టింపు ఎంత దూరము పోవునో మన తెలుగువారు తొల్లియే ఎఱుఁగుదురు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిఁగించిన పావులూరి మల్లనకు చెందినదిగా ప్రసిద్ధమైన పద్యమొకటి కలదు. చదరంగపు మొదటి గదిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూఁడవదానిలో నాలుగు, ఇట్లు 64 గదులను నింపి కూడఁగా వచ్చు మొత్తమును అది సంకేతపదములతో చెప్పును. ఆ మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615. దీనికి ఒకటి చేర్చినచో 64 బిట్ల తాళమునకుఁగల చెవుల సంఖ్య సరిగా వచ్చును.

1998లో అమెరికాలో ఇందుకొఱకే కట్టిన యంత్రమొకటి 56 బిట్ల తాళమును, చెవి తరువాత చెవి త్రిప్పిచూచి, మూఁడు దినములలోపలనే తెఱచినది. నేఁడు వాడుకలోనున్నవి 128 బిట్లవి, 256 బిట్లవి. 128 బిట్ల తాళము 64 బిట్ల తాళమునకు రెండింతలు బలమైనదని పొరపడరాదు. మల్లన చదరంగము ముగిసినచోట మొదలుపెట్టి, మఱల 64 మార్లు రెట్టింపవలెను.

అయినను ఈ తాళమునకు ఒక చిక్కు కలదు. వేసినవానికి, తీయువానికి ఒక్కటే చెవి యుండవలెను. ఎన్నఁడును కలిసికొనని ఇరువురు ఆ చెవిని దారిలోని దొంగకు చిక్కకుండ ఎట్లు పంచుకొందురు? 1976లో డిఫీ, హెల్మన్ అను ఇద్దఱు అమెరికా పండితులు దీనికి త్రోవ చూపిరి. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ అను మువ్వురు దానిని లెక్కగా నిలిపిరి. ఇంగ్లండులో క్లిఫర్డ్ కాక్స్ అను గణితజ్ఞుఁడు 1973లోనే ఈ లెక్కను కనుగొనెను గాని, ప్రభుత్వ రహస్యమగుటచే అది 1997వఱకు వెలికి రాలేదు. ఉపాయమిది: నొక్కినంతనే పడు తాళములను వేయింటిని చేయించి, తెఱచియుంచి, సంతలో అందఱికిని పంచిపెట్టి, చెవిని మాత్రము ఇంట దాఁచుకొనుట. ఎవఁడైనను పెట్టెకు ఆ తాళము నొక్కి పంపవచ్చును, తెఱచువాఁడు ఒక్కఁడే. వేయుటకు ఒక సంఖ్య, తీయుటకు వేఱొక సంఖ్య.

చిన్న లెక్కతో చూపెదను. కాగితము, పెన్సిలు దగ్గఱనున్నవారు వెంట వేసికొనవచ్చును. 3, 11 అను రెండు ప్రధాన సంఖ్యలను తీసికొందము. తమచేతను, ఒకటిచేతను తప్ప దేనిచేతను నిశ్శేషముగా భాగింపఁబడనివి ప్రధాన సంఖ్యలు. వీని లబ్ధము 33. దీనిని సంతలో చాటుదము. తాళము వేయుటకు 3 అను సంఖ్యను గూడ చాటుదము. ఒకఁడు మనకు 4 అను సంఖ్యను గుప్తముగా పంపఁగోరెను. అతఁడు 4ను మూఁడుమార్లు వేసి గుణించును, 64 వచ్చును. 33చే భాగింపఁగా శేషము 31. ఈ 31ని బహిరంగముగా పంపును. మన యింట దాఁచుకొన్న సంఖ్య 7. మనము 31ని ఏడుమార్లు వేసి గుణించి 33చే భాగింపవలెను. 31 అనఁగా 33కు రెండు తక్కువ. కాఁబట్టి సులభముగా చేయవచ్చును. రెండును ఏడుమార్లు వేసి గుణింపఁగా 128. మార్ల సంఖ్య బేసి గనుక అది లోటుగానే నిలుచును. 33 నాలుగుమార్లు 132. అందులోనుండి 128 పోఁగా 4. పంపినవాని సంఖ్య మన చేతికి వచ్చినది.

ఇది గారడి కాదు. ఒక సంఖ్యను దానితోనే మఱల మఱల గుణించుచు, 33చే భాగించుచు పోయినచో, శేషములు గుడిచుట్టు ప్రదక్షిణమువలె తిరిగివచ్చును. ఇరువది యడుగులకు ఒకసారి తప్పక మొదటికి వచ్చునని 17వ శతాబ్దివాఁడైన ఫెర్మాయు, 18వ శతాబ్దివాఁడైన ఆయిలరును తెలిపిన సిద్ధాంతములనుండి తేలును. 3, 11 అను సంఖ్యలనుండి చెఱియొకటి తీసివేసిన 2, 10. వాని లబ్ధమే ఆ 20. తాళము వేయునప్పుడు 3, తీయునప్పుడు 7. రెంటిని గుణించిన 21. ఇరువది యడుగుల ప్రదక్షిణమున ఇరువదియొకటవ యడుగు మొదటి యడుగుమీఁదనే పడును. అందుచేతనే మొదటి సంఖ్య తిరిగి వచ్చినది.

ఆ 7ను ఎట్లు కనుగొంటిమి? ఏ సంఖ్యను 3చే గుణించి 20చే భాగించిన ఒకటి శేషించును? జ్యోతిర్గణితము చదివినవారు ఈ ప్రశ్నను విన్నంతనే గుఱుతింతురు. ఇది కుట్టకము. 499లో ఆర్యభటుఁడు చెప్పినది, 628లో బ్రహ్మగుప్తుఁడు విస్తరించినది, గ్రహగతుల లెక్కలకు మనవారు వాడినది. నేఁటి యంత్రములు రహస్యసంఖ్యను కనుగొనునది ఆ జాతి లెక్కతోనే. దీనినిబట్టి మన పూర్వులు గూఢలిపి యంత్రములు చేసిరని చెప్పరాదు. అట్లు చెప్పుట వారికి గౌరవము కాదు. ఒక ప్రయోజనమునకై నిజాయితీగా సాధించిన గణితము, పదునైదువందల ఏండ్ల పిమ్మట వేఱొక ప్రయోజనమునకు నిలిచినది. అదియే వారి గొప్ప.

ఇఁక దొంగ సంగతి. వానికి 33 తెలియును, 3 తెలియును, 31 తెలియును. 33ను 3, 11 అని విడఁదీయఁగలిగినచో 20ని, దానినుండి 7ను తానును కుట్టకముచే పట్టును. 33ను విడఁదీయుట పిల్లవాని పని. 8,051 ఏ రెండు సంఖ్యల లబ్ధము? కొంచెము సేపు పట్టును. 83ను 97చే గుణింపుమనినచో క్షణములో చెప్పుదురు, విడఁదీయుమనినచో తడవికొందురు. అంకెలు పెరిగినకొలఁది ఈ భేదము కొండంత యగును. నేఁడు సామాన్యముగా వాడు 2,048 బిట్ల సంఖ్యకు 617 అంకెలు. మఱి అంత పెద్ద ప్రధాన సంఖ్యలు దొరకునా? ప్రధాన సంఖ్యలకు అంతము లేదని యూక్లిడు ప్రాచీనకాలముననే నిరూపించెను. ఒక సంఖ్య ప్రధానమగునా కాదా యని త్వరగా, నిస్సందేహముగా తేల్చు పద్ధతిని 2002లో కాన్పూరు ఐ.ఐ.టి.లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అను మువ్వురు లోకమునకు చూపిరి. ప్రధానమా కాదా యని చెప్పుట సులభము; కానిచో ఏ సంఖ్యల లబ్ధమో చెప్పుట కష్టము. ఈ వింతపైనే తాళము నిలిచియున్నది.

ఇచ్చట ఒక సత్యమును దాఁచరాదు. విడఁదీయుట కష్టమని అనుభవము చెప్పుచున్నదే గాని, నిరూపణ లేదు. 1977లో ఆ మువ్వురు 129 అంకెల సంఖ్య నొకదానిని విడఁదీయుఁడని లోకమునకు సవాలు చేసిరి. కోట్ల ఏండ్లు పట్టునని అప్పటి యంచనా. 1994లో సుమారు ఆఱువందలమంది తమ కంప్యూటర్లను కలిపి, ఎనిమిది నెలలలో విడఁదీసిరి. 2020లో 250 అంకెల సంఖ్యయు లొంగినది. అందుచేతనే సంఖ్యలను పెంచుచు వచ్చిరి. 1994లోనే పీటర్ షోర్ అను గణితజ్ఞుఁడు, క్వాంటం యంత్రమనునది చాలినంత పెద్దదిగా తయారైనచో ఈ విడఁదీయుట సులభమగునని చూపెను. అట్టి పెద్ద యంత్రము ఇంకను సిద్ధము కాలేదు. అయినను దానికి లొంగని క్రొత్త తాళములకు అమెరికా ప్రమాణసంస్థ 2024లో ప్రమాణములు ప్రకటించినది. కోటగోడ నెఱ్ఱె విచ్చకమునుపే లోపల రెండవ గోడ కట్టుకొనుట వివేకము గదా.

తాళమును ముద్రగా మార్చుట మిగిలినది. దీనికి చెవులను తిరుగవేసిన చాలును. 5 అను సంఖ్యపై మన ముద్ర వేయవలెననుకొందము. మన రహస్యమైన 7తో, అనఁగా 5ను ఏడుమార్లు వేసి గుణించి, 33చే భాగింపఁగా శేషము 14. మనము 5ను, 14ను కలిపి పంపుదుము. పుచ్చుకొన్నవాఁడు అందఱికిని తెలిసిన 3తో 14ను మూఁడుమార్లు వేసి గుణించును; 2,744 వచ్చును. 33చే భాగింపఁగా శేషము 5. సరిపోయినది. దారిలో ఎవఁడైనను 5ను 6గా దిద్దినచో ఈ పరీక్ష తప్పును. రహస్యమైన 7 లేనివాఁడు 6కు తగిన ముద్ర వేయఁజాలఁడు. అందఱు గుఱుతింపఁగలరు, ఒక్కఁడే వేయఁగలఁడు. పొడుగైన దస్తావేజునకు ముద్ర వేయవలసినప్పుడు, ఆకులనుండి కషాయము తీసినట్లు, దానినుండి ఒక సారసంఖ్యను తీసి దానిపై వేయుదురు. ఒక్క యక్షరము మాఱినను ఆ సారము గుఱుతుపట్టరానంతగా మాఱిపోవును. కషాయమునుండి ఆకులు రానట్లే, సారమునుండి దస్తావేజు తిరిగి రాదు.

2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఈ యంకెల సంతకమునకు మన దేశమున విలువ నిచ్చినది. ఫలానా తాళము ఫలానావానిదే యని పూచీపడుటకు ధ్రువీకరణాధికారులను ఏర్పఱచినది. 1996లో రిజర్వు బ్యాంకు హైదరాబాదులో నెలకొల్పిన బ్యాంకింగు సాంకేతిక పరిశోధనసంస్థయు అట్టి లైసెన్సు పొందినది. 2011లో మొదలైన మీసేవలో మీరు పుచ్చుకొను కుల, ఆదాయ ధ్రువపత్రములు ఈ సంతకము గలవే. అయితే ఒక జాగ్రత్త. సంతకము సంఖ్యలలో నున్నది. కాగితముపై అచ్చుపడిన పంక్తి దాని నీడ మాత్రమే. ఆ పంక్తిని ఎవఁడైనను అచ్చువేయవచ్చును. భూమికిగాని, ఋణమునకుగాని ఎవఁడైనను అట్టి పత్రము చూపినప్పుడు, దానిపైని సంఖ్యతో మీసేవ లెక్కలలో సరిచూచిన తరువాతనే నమ్మవలెను.

ఇంతవఱకు అంకెలు చేయఁగలిగినది చెప్పితిని. ఇఁక చేయలేనిది. 1883లో కెర్కాఫ్స్ అను పండితుఁడు ఒక సూత్రము చెప్పెను: తాళము చేయు విధమంతయు శత్రువునకు తెలిసినను, చెవి యొక్కటి తెలియకున్న చాలునట్లు తాళముండవలెను. నేఁటి తాళములన్నియు ఇట్టివే. వాని విధానము పుస్తకములలో నున్నది. నేనును మీకు ఇప్పుడే చెప్పితిని. రహస్యమంతయు చెవిలోనే యున్నది. కాఁబట్టి చెవి చేజాఱినచో, వెనుక ఎంత గణితమున్నను వ్యర్థము.

ఫోనుకు వచ్చు ఆఱంకెల ఓటీపీ అట్టి చెవి. ఊహించి కనుగొనవలెనన్న పదిలక్షలలో ఒకటి. కొన్ని తప్పులు కాఁగానే తలుపు మూసికొనును. దొంగ ఆ లెక్క ఎఱుఁగును. అందుచేత ఊహింపఁడు; అడుగును. "తాతగారూ, బ్యాంకునుండి మాట్లాడుచున్నాము, మీ పింఛను నిలిచిపోవును, వచ్చిన నంబరు చెప్పుఁడు" అని తీయఁగా అడుగును. 617 అంకెల కోటను కట్టి, దిడ్డితలుపు గడియ మన నాలుకపై పెట్టినారు. బ్యాంకువారు ఆ సంఖ్యను అడుగరు. అడుగవలసిన పని వారికి లేదు. మఱియు, ఫోనులో సొమ్ము పంపుటకే పిన్ కావలెను, పుచ్చుకొనుటకు అక్కఱలేదు. "సొమ్ము వేయుచున్నాము, పిన్ నొక్కుఁడు" అనువాఁడు ఎవఁడైనను దొంగయే. ఫోనులో కనఁబడి "నిన్ను అరెస్టు చేసితిమి, కదలకుము" అని బెదరించువాఁడును అట్టివాఁడే. అట్టి అరెస్టు మన చట్టములో లేదు.

వ్రేలిముద్ర సంగతి వేఱు. అది చెవి కాదు. చెవి పోయినచో మార్చుకొందుము; వ్రేలిని మార్చుకొనలేము. తాఁకిన గ్లాసుపైనను, వ్రాసిచ్చిన దస్తావేజుపైనను మన వ్రేలిముద్ర మిగిలియుండును. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒకఁడు భూమి రిజిస్ట్రేషను దస్తావేజుల నకళ్ళనుండి వ్రేలిముద్రలు తీసి, వానితో కృత్రిమ ముద్రలు చేసి, పరుల పేర సిమ్ములు పుట్టించుచుండఁగా పట్టుబడెను. అందు ఏ తాళమును బ్రద్దలు కాలేదు. బహిరంగమైన దానిని రహస్యముగా భావించుటయే దోషము. వ్రేలిముద్రను వాడనప్పుడు మూసియుంచు సదుపాయము ఆధార్ సంస్థవారే కల్పించిరి. చదువుకొన్న పిల్లలచేత దానిని చేయించుకొనుఁడు. గ్రామమునకు యంత్రము తెచ్చి పింఛను, కూలి సొమ్ము ఇచ్చునప్పుడు, ఎంత మొత్తమునకు వ్రేలు పెట్టుచున్నారో చదివించుకొని పెట్టుఁడు. "ముద్ర పడలేదు, మఱల పెట్టుము" అనినచో మొదటిదానికి చీటి చూపుమని అడుగుఁడు. చీటి లేని చెల్లింపు భద్రాద్రి కథలోనే లేదు.

ఎవఁడైనను మోసపోయినచో సిగ్గుపడి దాఁచరాదు. తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. గడియ గడిచినకొలఁది సొమ్ము చేతులు మాఱి దూరమగును. త్వరపడినచో మధ్యలో నిలిపివేయుటకు అవకాశము కలదు. మోసపోయిన ముదుసలిని ఇంటివారు నిందింపరాదు. నిందకు వెఱచి దాఁచినవారి సొమ్ము దొంగకే మిగులును.

గ్రామములలో మీ మాట చెల్లును. రచ్చబండకడ ఇద్దఱు కూడినప్పుడు ఈ సంగతి యొక్కటి చెప్పుఁడు: మన సొమ్మును కాచు గణితము గట్టిది, దానిని కాచువారు మనము. ఆ 7ను ఎవరికిని చెప్పకుఁడు.